గ్రీన్స్ మీద గడ్డి ఎండిపోతోంది, పీకేసి మళ్లీ వేయాలా?

ప్రశ్న: సార్, విశాఖలో ఒక గోల్ఫ్ కోర్సులో గ్రీన్స్ (గుంత చుట్టూ పొట్టిగా కోసిన నున్నటి గడ్డి చోట్లు) మెయింటెనెన్స్ చూస్తాను. బెర్ముడా గడ్డి, బోరు నీళ్లు. రోజూ సాయంత్రం పది నిమిషాలు స్ప్రింక్లర్లు తిప్పుతున్నా మచ్చలు మచ్చలుగా ఎండిపోతోంది, యూరియా చల్లినా పచ్చబడలేదు. మొత్తం తీసేసి కొత్తది వేయమంటారా?

జవాబు: అప్పుడే పీకొద్దండీ. ముందు ఎండిన మచ్చలోంచి ఒక తీగ లాగి కణుపు దగ్గర గోటితో గిల్లి చూడండి, లోపల తెల్లగా పచ్చిగా ఉంటే బతికే ఉంది, పెళుసుగా పుటుక్కున విరిగితేనే పోయినట్టు. బెర్ముడా అంటే వేరే ఏదో కాదు, వినాయకుడికి పెట్టే మన గరిక జాతే, పొలం గట్టు మీద రోళ్లు పగిలే రోహిణి కార్తెని కూడా తట్టుకుని తొలకరికి మళ్లీ లేస్తుంది. గ్రీన్ మీద మాత్రం మనం దాన్ని 3, 4 మిల్లీమీటర్లకి కోసేస్తున్నాం, ఆకే లేకపోతే వేరుకి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి.

ఇప్పుడు కత్తితో ఆరంగుళాల లోతున ఒక ముక్క కోసి బయటికి తీయండి. వేర్లన్నీ పై అంగుళంలోనే చిక్కుకుని, కింద ఇసుక పొడిగా జలజలా రాలిపోతుంటే మీ పది నిమిషాల నీళ్లు అక్కడిదాకా దిగట్లేదన్నమాట. నాకైతే మీ సమస్య ఎండ కన్నా ఇదే అనిపిస్తోంది. ఈ ఎండల్లో గడ్డికి రోజుకి 5, 6 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరంటే ఒక లీటరు, అంటే 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి 2,500 నుంచి 3,000 లీటర్లు. గ్రీన్ మీద నాలుగు చోట్ల ఖాళీ డబ్బాలు పెట్టి స్ప్రింక్లర్ తిప్పి కొలవండి, ఒక డబ్బాలో నిండుగా ఇంకోదాంట్లో అడుగున కొంచెం ఉంటే మచ్చలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అక్కడే తెలిసిపోతుంది.

సాయంత్రం తడి మానేయండి, మన విశాఖ ఉక్కపోతలో ఆకు రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగుళ్లు పిలిచినట్టు వస్తాయి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు లోపు పెట్టండి. మధ్యాహ్నం పడమర నుంచి వడగాలి కొట్టే రోజుల్లో రెండు నిమిషాలు సన్నటి తుంపర ఇస్తే ఆకు చల్లబడుతుంది, సముద్రపు గాలి ఉన్న రోజు దాని వల్ల పెద్దగా లాభం లేదు. నీళ్లు పెట్టినా ఇంకకుండా పక్కకి జారిపోయే మచ్చలకి సన్నటి ఇనప ముల్లుతో బెజ్జాలు పొడిచి, వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు మట్టిలోకి ఇంకేలా చేసే మందు) కలిపిన నీళ్లు చేత్తో పోయండి.

కోత ఎత్తు 5 మిల్లీమీటర్లకి పెంచండి, బాల్ స్పీడు తగ్గిందని ఆడేవాళ్లు గొడవ పెడితే కోత బదులు రోజు విడిచి రోజు రోలర్ తిప్పండి గానీ బ్లేడు మాత్రం దించకండి. యూరియా ఆపేయండి, వేరు లేని గడ్డిని ఆకు పెంచమని తరిమినట్టు అవుతుంది అది. పొటాష్ వేయాలంటే బోరు నీళ్లు కాబట్టి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి, మ్యూరియేట్ వద్దు, దాంట్లో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు ఇంకా పెరుగుతుంది. నేల పైన తెల్లటి పొర కనబడుతుంటే నీళ్లు టెస్టు చేయించండి, ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 3 డెసీసీమెన్స్/మీటరు దాటితే కొద్దికొద్దిగా పెట్టిన ప్రతి తడీ ఉప్పుని పైనే వదిలేస్తుంది, అప్పుడప్పుడూ ఒక భారీ తడి పెట్టి దాన్ని కిందికి కడిగేయాలి.

నిజంగా చచ్చిపోయిన మచ్చలకి వానలు పడ్డాక మీ నర్సరీ బెడ్ (అతుకుల కోసం విడిగా గడ్డి పెంచే మడి) నుంచి ముక్కలు తెచ్చి అతకండి, ఇప్పుడు పెడితే అవీ మాడిపోతాయి. కత్తితో కోసిన ఆ ముక్క ఫోటో వేర్లు కనబడేలా తీసి పంపండి, చూసి చెప్తాను.