‘టేక్’ అంటే ఎప్పుడూ తీసుకోవడమేనా?

సందేహం: షాంఘైలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ‘టేక్’ దగ్గర తడబడుతున్నారు. చైనీస్‌లో మందు ‘తింటారు’ మరి. ఈ మాట ఎక్కడిది? తెలుగులో ‘మందులు తీసుకున్నాను’ అనవచ్చా?

సమాధానం: ‘టేక్’ ఇంగ్లీషు వాళ్ల సొంత మాట కాదు. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి ‘నిమన్’ అనేవారు. జర్మన్‌లో ‘నేమెన్’ దాని తోబుట్టువే. 9వ శతాబ్దంలో సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్లు తమ ‘టాకా’ను వెంట తెచ్చారు. కాలక్రమాన అది ‘టేక్’గా మారి నిమన్‌ను పక్కకు నెట్టింది. నిమన్ ఆనవాలు ‘నంబ్’లో మిగిలింది. తిమ్మిరెక్కిన చెయ్యి అంటే ఏదో పట్టేసుకున్న చెయ్యి అని. మనమూ ‘నడుం పట్టేసింది’ అంటాం కదా!

మీ పిల్లల తడబాటుకు కారణం వాళ్ల భాషలోనే ఉంది. చేత్తో తీసుకోవడానికి చైనీస్‌లో ‘నా’ అనే క్రియ ఉంది. దాని అక్షరం చూడండి: పైన ‘కలపడం’, కింద ‘చెయ్యి’. ఇంగ్లీషులో బస్సు, ఫోటో, స్నానం, సెలవు అన్నిటికీ ‘టేక్’ వాడతారు. కానీ చేతికి అందని బస్సుకు ‘నా’ ఎలా పనికొస్తుంది? అందుకే బస్సును ‘కూర్చుంటారు’, ఫోటోను ‘తడతారు’. తెలుగులో మనం బస్సు ఎక్కుతాం, ఫోటో తీస్తాం, స్నానం చేస్తాం, సెలవు పెడతాం. ఒక పనికి ఎంతసేపు కావాలో చెప్పడానికీ ఇంగ్లీషులో ‘టేక్’ అనే అంటారు, మనకు మాత్రం రెండు గంటలు ‘పడుతుంది’. కాబట్టి ‘టేక్’ను విడిగా బట్టీ పట్టించకండి, పక్కనున్న నామవాచకంతో కలిపి జంటగా నేర్పండి.

ఇక తెలుగు సంగతి. ‘తీసుకొను’ అంటే తీసి కొనడం. ‘కొను’కు గ్రహించడం అనే పాత అర్థం ఉంది, వెల ఇచ్చి తెచ్చుకోవడం అనే అర్థమూ ఉంది. అందుకే ‘మా అన్నయ్య బస్సు తీసుకున్నాడు’ అంటే ఎక్కాడని ఎవరూ అనుకోరు, ట్రావెల్స్ పెట్టాడేమో అనుకుంటారు! ‘స్నానం తీసుకున్నాను’ కూడా నాకు తెలుగులా వినిపించదు.

మందుల మాట వేరు. పెద్దవాళ్లు ‘మందు పుచ్చుకున్నావా’, ‘కాఫీ పుచ్చుకుంటారా’ అనేవారు. గ్రహించడమనే ఆ భావం మనదే కాబట్టి ‘మందులు తీసుకున్నాను’ తప్పు కాదు. ఇంట్లో మాత్రం ‘మాత్ర వేసుకున్నావా’ అనే అడగండి, నోటికి హాయిగా ఉంటుంది. ఇంగ్లీషు ‘టేక్ ప్లేస్’ను తలపిస్తూ వార్తల్లో వినిపించే ‘ఘటన చోటు చేసుకుంది’ని మాత్రం నేను ఒప్పుకోలేను. ‘జరిగింది’ అంటే సరిపోతుంది.