తారాతారిణిలో పుట్టువెంట్రుకలు ఎప్పుడు తీయించాలి?

ఒడిశాలోని బరంపురంలో ఉంటున్నాం, చైత్ర మంగళవారం పాపకు తారాతారిణి అమ్మవార్ల కొండ మీద పుట్టువెంట్రుకలు తీయిద్దామంటే ఏ తేదీ చూసుకోవాలని ఒకరు అడిగారు. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఉగాది వచ్చాక చైత్రం కదా అని ఆగితే, అక్కడి చైత్ర మేళా అప్పటికే మొదలైపోయి ఉంటుంది. అది మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు నడుస్తుంది. కాబట్టి తెలుగు పంచాంగం కాదు, ఒడియా పంజిక (వాళ్ల పంచాంగం) చూడండి. మూడో మంగళవారం జనం విపరీతం. చంటిపాపతో ఆ రోజు వద్దండి, మొదటి మంగళవారమే మేలు. మొక్కు ఫలానా రోజుకే అని లేకపోతే మామూలు రోజున వెళ్లినా తల్లి కాదనదు.

గుడి బరంపురానికి సుమారు 30 కిలోమీటర్లు, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున. మెట్లు 999. రోప్‌వే ఉంది, కానీ మేళా రోజుల్లో వరుస చాలా పెద్దది. మెట్లెక్కేవాళ్లు తెల్లవారకముందే మొదలుపెట్టాలి, ఎండెక్కితే రాయి అరికాళ్లు కాలుస్తుంది.

కొత్త బ్లేడు మీరే తీసుకెళ్లి, మీ కళ్లముందే మార్పించండి. జుట్టు బాగా తడిపితేనే గాటు పడదు. పాపకు ముందే పాలు పట్టండి, ఆకలితో ఉంటే తల నిలపదు. తర్వాత గంధం రాసి, టోపీ పెట్టండి.

గర్భగుడిలో నిలువెత్తు విగ్రహాల కోసం వెతకకండి. బంగారు, వెండి సొమ్ములతో ముఖాలు తీర్చిన రెండు రాళ్లే తార, తారిణి. వాటి మధ్య ఉన్న రెండు ఇత్తడి శిరస్సులు చలప్రతిమలు, అంటే కదిలించడానికి వీలైన విగ్రహాలు.