వాదనాశాస్త్రం చదివితే ప్రజల తరఫున మాట్లాడేవారికి ఉపయోగమేనా?

వాదన, వక్తృత్వం గురించి విశ్వవిద్యాలయంలో చదివితే ప్రజా సమస్యల మీద పనిచేసేవారికి ఏమైనా ఉపయోగం ఉంటుందా, లేక అదంతా పుస్తక పాండిత్యమేనా అని అడిగారు. నేను పీజీలో ఈ విషయం చదివాను. కొన్నేళ్లుగా పౌర సంఘాలకు వినతిపత్రాలు రాసిపెడుతున్నాను. నా అనుభవంలో చాలా ఉపయోగం ఉంది.

సభాకంపం పోవడం, గొంతు నిలబడడం వంటివి నలుగురి ముందు మాట్లాడితేనే వస్తాయి. ఎదుటివారు పైకి అనకుండా వదిలేసిన మాటను పట్టుకోవడం మాత్రం నాకు ఈ చదువే నేర్పింది.

స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో ఒక నమూనా ఇచ్చారు. వాదనలో ఒక ప్రతిపాదన, దానికి ఆధారం, ఆ రెంటినీ కలిపే లంకె ఉంటాయి. (మరో మూడు అంశాలున్నాయి గానీ మొదట్లో ఇవి చాలు.) మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం తెలిసినవారికి ఆ లంకె ‘వ్యాప్తి’కి (పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నలాంటి తప్పని సంబంధానికి) దగ్గరగా అనిపిస్తుంది. చాలాసార్లు దాన్ని ఎవరూ పైకి చెప్పరు.

ఒకసారి పాఠకులు తగ్గారంటూ ఒక గ్రంథాలయం పనివేళలు కుదించబోయారు. ఆ లెక్కే తప్పని నిరూపిద్దామని మావాళ్లు పట్టుబట్టారు. హాజరు పుస్తకం చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. అప్పుడు ఆ ప్రతిపాదనను కాగితం మీద మూడు ముక్కలుగా విడదీశాను. ‘వచ్చేవారు తగ్గితే అవసరం తగ్గినట్టే’ అని అందులో ఎక్కడా రాసి లేదు, కానీ భారమంతా దాని మీదే ఉంది. అంతకుముందే సాయంత్రం వేళ ఎత్తేశారు. ఉద్యోగులు, విద్యార్థులు వచ్చేది ఆ వేళకే. అందుకని లెక్కను ఒప్పుకుంటూనే, తలుపులు మూసినందువల్లే పాఠకులు తగ్గారని రాశాం. దాంతో ఎంతమంది వస్తున్నారన్న చర్చ, ఎప్పుడు తెరిస్తే వస్తారన్న దాని మీదికి మళ్లింది. కొన్నాళ్లు సాయంత్రం తెరిచి చూడడానికి ఒప్పుకున్నారు.

అదే వినతిపత్రంలో పుస్తక పఠనం గొప్పదనం గురించి ఒక పేరా ఉండేది. తీసేయించాను. వాదన శ్రోతలు ఇప్పటికే ఒప్పుకునే విషయం నుంచి మొదలవ్వాలని వాదనాశాస్త్ర పండితులు పెరెల్మాన్, ఓల్‌బ్రెక్ట్స్-టిటెకా చెప్పారు. వారి గ్రంథం వచ్చిందీ 1958లోనే. మా శ్రోతలు ఖర్చులు చూసే అధికారులు. పాఠకులు రాలేని వేళల్లో భవనం తెరిచి ఉంచితే ఆ ఖర్చు వృథా అన్న మాట వారికి వెంటనే అర్థమైంది.

న్యాయదర్శనానికి మూలగ్రంథమైన గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లోని విభజన కూడా నాకు నిత్యం పనికొస్తుంది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివారి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. వితండానికి దిగినవారిని ఒప్పించాలని చూడను, వింటున్న మిగతావారితో మాట్లాడతాను.

కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్ చూడండి. హేత్వాభాసాల (తర్కంలోని దోషాల) పేర్లు వల్లె వేయించడంతో సరిపెట్టే కోర్సు వద్దు. నిజంగా జరిగిన చర్చలు, తీర్పులు, వినతిపత్రాలు తీసుకుని విద్యార్థుల చేత విడదీయించే కోర్సులో చేరండి.