పోర్టులు కాదు, వాట్లు లెక్కపెట్టు

చిన్నా,

నువ్వు పంపిన కొటేషన్ చూశాను. మీ ఆఫీసు ఇరవై టేబుల్ ఫోన్లకి 24 పోర్టుల పీఓఈ స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుల్లోంచే ఫోన్లకి కరెంటు కూడా ఇచ్చేది, బానే ఉంది, కానీ అసలు చూడాల్సిన ముక్క అందులో లేదు. అది మొత్తం మీద ఎన్ని వాట్లిస్తుంది?

డబ్బా మీద పోర్టుకి 30 వాట్లు అని ఉంటుంది. దాన్నిబట్టి అన్ని పోర్టులూ ఒకేసారి 30 ఇచ్చేస్తాయనుకోకు, లోపలి పవర్ సప్లై మొత్తం కలిపి 190కే ఆగిపోవచ్చు. నేనూ ఒకసారి అలాగే కొన్నాను. పన్నెండు ఫోన్లు చక్కగా వెలిగాయి, పదమూడోది రిసెప్షన్‌లో తగిలిస్తే తెర నల్లగానే ఉంది. ఫోన్ మార్చాం, కేబుల్ మార్చాం, సగం రోజు పోయింది. విసుగొచ్చి పక్క టేబుల్ ఫోన్ పీకితే ఇది టక్కున వెలిగింది! ఆ ఫోన్లు క్లాస్ 3 రకం (క్లాస్ అంటే ఫోన్‌కి మహా అయితే ఎంత కరెంటు కావాలో స్విచ్‌కి చెప్పే అంకె), నిజంగా తాగేది ఐదారు వాట్లే అయినా స్విచ్ మాత్రం ఒక్కోదానికి 15.4 పక్కన పెట్టేసింది. పన్నెండుకే 184.8 అయిపోయింది.

మీ ఫోన్ల డేటాషీట్‌లో క్లాస్ చూడు. క్లాస్ 2 అయితే ఒక్కోదానికి 7 చొప్పున 140. రెండు వైఫై యాక్సెస్ పాయింట్లు కూడా అన్నావుగా, వాటికి 30 చొప్పున వేసుకో, మొత్తం 200 అయినట్టే. 370 వాట్లది తీసుకో.

ఒకటి రెండు ఫోన్లకైతే ఇంజెక్టర్ చాలు, అంటే గోడ ప్లగ్గు నుంచి ఒక్క కేబుల్లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బా. ఇరవైకి ఇరవై ఇంజెక్టర్లంటే ప్లగ్గుల జాతరే. చవగ్గా వస్తుందని 24 వోల్టుల పాసివ్ సరుకు మాత్రం ముట్టుకోకు. 802.3ఏఎఫ్, ఏటీ అనే పీఓఈ ప్రమాణాల స్విచ్‌లు అవతల ఉన్నది కరెంటు తీసుకునే పరికరమో కాదో చూసి మరీ ఇస్తాయి, పాసివ్‌ది అడక్కుండానే తోసేస్తుంది.

కేబుల్ ముక్క ఒకటి తెప్పించి లోపలి తీగని బ్లేడుతో గీకి చూడు. తెల్లగా కనిపిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం, వెనక్కి పంపెయ్. కంప్యూటర్లు ఫోన్ వెనక పోర్టుకే తగిలిస్తారు కదా, ఆ పోర్టు గిగాబిట్టేనా అని కూడా అడుగు, లేకపోతే అందరికీ వంద ఎంబీపీఎస్సే.

యూపీఎస్ మీద స్విచ్‌తో పాటు ఫైబర్ మోడెమ్, రౌటర్ కూడా పెట్టు. కరెంటు పోయినా ఫోన్లు మోగాలనేగా ఈ తంటా అంతా.

ఇంకోటి, స్విచ్ బిగించే రాక్ మేనేజర్ గారి కుర్చీ వెనకే అన్నావు. అంత పెద్ద స్విచ్‌లో ఫ్యాన్లుంటాయి, రోజంతా గుయ్యిమంటాయి. కొనేముందే చోటు మార్పించు.

బాబాయ్