ప్లాట్లు గీయించే ముందు నీటిదారి చూడు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

శంకర్‌పల్లి దగ్గరి ఆరెకరాలు లేఅవుట్ చేద్దామనుకుంటున్నావు. నాలా అయిపోతే సగం పని అయినట్టేనని నీకెవరో చెప్పారు. అది తప్పు. నాలా ఉత్తర్వు సాగుభూమిని వ్యవసాయేతరం చేస్తుంది, అంతవరకే. లేఅవుట్ అనుమతి వేరు, హక్కు రుజువు వేరు. పైగా నాలా అయిన విస్తీర్ణానికి రైతు భరోసా పెట్టుబడి సాయం రాదు. తర్వాత లేఅవుట్ రాకపోతే రెంటికీ చెడతావు. అందుకే నాలాను చివరికి పెట్టుకో.

ముందు పెద్దవాన పడ్డ మర్నాడు పొలానికి వెళ్లు. ఎండాకాలంలో ఏ మడి చూసినా ప్లాటులాగే కనిపిస్తుంది. నీళ్లు ఎటునుంచి దిగుతున్నాయి, ఏ గట్టు దగ్గర ఆగుతున్నాయి, ఎటు పోతున్నాయి, గట్లన్నీ నడిచి చూడు. పై చెరువు నిండి మత్తడి దూకితే నీళ్లు ఏ దారి పడతాయో చెరువు నీళ్లు చూసుకునే ఊరి నీరటిని అడుగు. 2020 అక్టోబరు వానలకు ఎక్కడిదాకా వచ్చాయో కూడా అడుగు. చెరువు తూము కింద నీళ్లు పారే తరిపొలమైతే నీ మడుల్లోంచి పిల్లకాలువ కిందివాళ్లకు పోతుంటుంది. దాన్ని పూడిస్తే వాళ్ల పొలం ఎండుతుంది, నీ ప్లాట్లు మునుగుతాయి. దాన్ని రోడ్డు పక్కన అలాగే ఉంచి లేఅవుట్ గీయించు.

చెరువు ఎండిపోయి ఏళ్లయినా, నిండితే నీళ్లు చేరే హద్దు, అంటే దాని ఎఫ్‌టీఎల్ పోదు. నీటిపారుదల శాఖ మ్యాపు మీద నీ హద్దు పెట్టి చూడు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు ఖాళీగా, బఫర్‌గా వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు, అంతకంటే చిన్న కాలువకు 2 మీటర్లు. నీ హద్దు 200 మీటర్ల పొడవున పెద్దచెరువును ఆనుకుంటే ఒక్క బఫర్‌లోనే దాదాపు ఎకరం పంతొమ్మిది గుంటలు పోతుంది. బేరం కుదుర్చుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి. ఇక శిఖం, అంటే చెరువు కడుపులోని భూమికి, పట్టా ఉందంటే మురిసిపోకు. అది నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవడానికే, ఇల్లు కట్టడానికి కాదు.

మూడుచోట్ల ఆరడుగుల లోతు గుంతలు తవ్వించు. గట్టి మొరం తగలకుండా నల్లరేగడే దిగుతుంటే రోడ్ల ఖర్చు పెరుగుతుంది. రేగడి తడికి ఉబ్బి, ఎండకు పగులుతుంది.

కాగితాల్లో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే అప్పటి భూమి రికార్డు, నుంచి మొదలుపెట్టు. తర్వాత సర్వే నాటి మూల రికార్డు సేత్వార్, ఆపై పహాణీలు, రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే ముప్పై ఏళ్ల ఈసీ. లావుణి పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, అని కనిపిస్తే అక్కడే ఆగు, అసైన్డ్ భూముల అమ్మకాలను 1977 చట్టం నిషేధించింది. ఇనాం అయితే సాగుహక్కు ధ్రువపత్రం ఓఆర్‌సీ అడుగు. పాత పహాణీలో రక్షిత కౌలుదారు పేరుంటే అతనికి యాజమాన్యం ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్ ఇచ్చారేమో వెతుకు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు చూసుకో. సర్వే కొలతల పటం, టిప్పన్, నకలు తీసుకుని సర్వేయరుతో హద్దులు కొలిపించు. గ్రామ నక్షలో బండ్లబాట ఉంటే దాన్ని మూయడానికి నీకు హక్కు లేదు, వాడకం ఆగిపోయినా సరే.

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, హెచ్ఎండీఏ, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా తీసుకో. లేఅవుట్లకు వీల్లేని కన్సర్వేషన్ జోన్ అయితే నాలా ఉన్నా లాభం లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన 111 జీవోలో 84 ఊళ్లున్నాయి, శంకర్‌పల్లి మండలం ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. ఆ ఆంక్షలు సడలిస్తూ 2022లో 69 జీవో వచ్చిందిగా అని ఎవరైనా అంటే, ఈ సర్వే నంబరుకు ఏ అనుమతి ఉందో కాగితం చూపమను.

ఆరెకరాలంటే 29,040 గజాలు. పది శాతం ఖాళీ స్థలం, దాదాపు మూడో వంతు రోడ్లు. అమ్మకానికి యాభైఐదు, అరవై శాతం మిగిలితే బాగున్నట్టే. ఎకరానికి 4,840 గజాలని మొత్తానికీ ధర కట్టినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పొలం దాకా నలభై అడుగుల దారి లేకపోతే అసలు మొదలుపెట్టకు. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు హెచ్ఎండీఏకు తనఖా ఉంటాయి, అప్పటిదాకా వాటిమీద డబ్బు రాదు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబరు వచ్చేదాకా అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా పుచ్చుకోకు.

ఖాస్రా పహాణీ, టిప్పన్ నకళ్లు చేతికి రాగానే నాకు పంపు. చూసి చెబుతాను.

మీ మామయ్య