ఇంజన్ గదిలో గ్యాస్ వాసన వస్తుంటే

అన్నా, జువ్వలదిన్నె బోటులో పొద్దున ఇంజన్ గది మూత తీస్తే గ్యాస్ వాసన వస్తోందని, వంటగ్యాస్ సిలిండర్ వాషర్ మార్చినా తగ్గలేదని రాశారు. వాసన ఉన్నంతసేపు సెల్ఫ్ కొట్టొద్దు. లైటు, ఫ్యాను, కరెంటు పంపు దేని స్విచ్చీ ముట్టుకోవద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువు. కేబిన్‌లో లీకైతే పలకల సందుల్లోంచి దిగి బోటు అడుగున నీళ్లలా నిలుస్తుంది. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, సెల్ఫ్ మోటారు రవ్వకే అంటుకుంటుంది.

సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి మూతలన్నీ తెరవండి. అడుగున మిగిలిన గ్యాస్‌ని ఖాళీ బకెట్‌తో తోడి బయటికి కుమ్మరించండి. వింటే నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది.

వాషర్ బాగుంటే నా అనుమానం ట్యూబు మీదే. ఉప్పుగాలికి క్లిప్పు తుప్పుపట్టి వదులవుతుంది, ట్యూబు చివర పగులుతుంది. సబ్బునురగ రాసి బుడగలు చూడండి, అగ్గిపుల్లతో మాత్రం వద్దు. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా ట్యూబు వేయండి. ఇంట్లో దాని గడువు 5 ఏళ్లు. సముద్రం మీద అంతవరకూ ఆగకండి. పలకల్లోంచి దూర్చొద్దు, మధ్యలో అతుకు వద్దు.

అసలు సిలిండర్ కేబిన్‌లో ఉండకూడదు. డెక్కు మీద బ్యాటరీకి దూరంగా పెట్టె కట్టించి, నిలువుగా నిలబెట్టి బెల్టుతో బిగించండి. పెట్టె అడుగునుంచి అంగుళం పైపు నీటిమట్టానికి పైన సముద్రంలోకి తెరుచుకోవాలి. ఆ కన్నానికి వలముక్కలు అడ్డం పడకుండా చూడండి.

వంటయ్యాక ముందు రెగ్యులేటర్ కట్టేయండి. ట్యూబులో మిగిలింది కాలిపోయాకే పొయ్యి నాబ్ కట్టేయండి.