పాలిపోయిన పగడాన్ని చూడబోయే మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పగడాలు పాలిపోవడంపై ప్రాజెక్టు చేయడానికి ఈ వేసవిలో తమిళనాడు తీరంలో, మన్నారు సింధుశాఖ ఒడ్డున ఉన్న మండపం ఊరికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగా విని ఎంతో సంతోషించాను. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాణ్ణి కనుక చెబుతున్నాను, అక్కడ ఒక్క చూపుతో ఏదీ తేల్చివేయవద్దు.

పగడపు జీవి కణాలలోనూ, ఉష్ణమండల సముద్రాలలోని అనేక సీ అనిమోన్ల (పగడాలకు బంధువులైన, మెత్తని ఒంటి సముద్ర జీవుల) కణాలలోనూ ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో చక్కెరలు తయారుచేసి, ఆతిథ్యమిచ్చిన జీవికి కావలసిన ఆహారంలో అధిక భాగాన్ని సమకూరుస్తాయి. నీరు వేడెక్కినప్పుడు ఆ కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి, కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలు పోగుపడటంతో, జీవి ఆ శైవలాలను వెళ్లగొడుతుంది. రంగు వాటిదే కనుక, అవి పోగానే పగడంలో లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా బయటపడుతుంది. అటువంటి గూడు లేని అనిమోన్ మాత్రం వెలిసిపోయి, అద్దంలా పలచబడుతుంది.

తెల్లబడినంత మాత్రాన చచ్చిపోయిందని రాయవద్దు. దగ్గరగా చూస్తే పాలిపోయిన పగడంపై మెత్తని కణజాలం ఇంకా కనిపిస్తుంది. చచ్చినదానిపై కొద్ది రోజుల్లోనే పాచి నూగు పడుతుంది. వేడి త్వరగా తగ్గితే శైవలాలు మళ్లీ చేరి, కొన్ని వారాలకో నెలలకో రంగు తిరిగి రావచ్చు. అందుకే గుర్తు పెట్టుకున్న అవే పగడాలను పదేపదే చూడాలి.

వేడిని కొలిచేటప్పుడు డిగ్రీలతో పాటు రోజులనూ లెక్కించు. ఆ చోట ఏడాదిలో అతి వేడి నెలకు ఉండే సగటు కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై, నాలుగు వారాలు అలాగే నిలిస్తే పాలిపోవడం మొదలుకావచ్చు. రెండు డిగ్రీలైతే రెండు వారాలే చాలు. ఎండ తీవ్రంగా ఉండి, నీరు కదలక తేటగా నిలిచినప్పుడు ముప్పు పెరుగుతుంది కనుక, మబ్బునూ గాలినీ కూడా రాసుకో. మన్నారు సింధుశాఖలో 1998, 2010, 2016 వేసవుల్లో పగడాలు పాలిపోయాయి; ఆ నివేదికలను వెళ్లేముందే చదువు.

థర్మామీటరును ముందుగా కరుగుతున్న మంచులో ముంచి, సున్నా చూపుతోందో లేదో సరిచూడు. నా మొదటి వేసవిలో దాన్ని నీటిలోంచి పైకి తీసి చదివేవాణ్ణి. తడి ఆరుతున్న కొద్దీ అంకె దిగిపోయేది, ఆ నెల లెక్కలన్నీ పారవేయవలసి వచ్చింది. అది నన్ను ఎంతో బాధించింది. నీటిలో ఉండగానే చదువు, ప్రతిసారీ అదే లోతులో, అదే వేళలో.

పగడపు ముక్కను మాత్రం, రాలిపడి ఉన్నా సరే, అనుమతి లేకుండా తీయవద్దు. రాతి పగడాలన్నిటికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

మన తీరంలో అంత పెద్ద పగడపు దిబ్బలు లేకపోయినా, కన్ను అలవాటు పడటానికి విజయనగరం జిల్లా సముద్రతీరంలోని చింతపల్లి రాళ్లు చాలు. ఆటు వేళ గుంటల్లో అనిమోన్‌లు చేతులు ముడుచుకొని, ఇసుక రేణువులు అంటిన చింతపండు ముద్దల్లా రాతికి కరుచుకొని ఉంటాయి. ముడుచుకున్నదాన్ని చూసి జబ్బుపడిందని పొరబడటం సులభం. పోటు నీరు వచ్చేదాకా అక్కడే కూర్చుంటే అది విచ్చుకొని అసలు రంగు చూపుతుంది. మధ్యాహ్నపు ఎండకు గుంట నీరు సముద్రపు నీటి కంటే ఎంత వేడెక్కుతుందో కూడా అక్కడే కొలిచి చూడవచ్చు. బయలుదేరే ముందు వచ్చే ఆదివారం ఆటు వేళ చూసుకొని విజయనగరం నుంచి పొద్దున్నే రా, చింతపల్లిలో కలుద్దాం. థర్మామీటరుకు కట్టే, మూరమూరకూ ముడి వేసిన తాడు నేను తెస్తాను.

మీ మావయ్య